మేజరు గారి బొచ్చు

(పిట్టలవానిపాలెం దాపున ఒక కామందు ఇంటి వసారా. 1973, శ్రావణంలో ఒక పొద్దున. కామందు చెంచురామయ్య, ఆయన కారు పంపి బాపట్ల నుంచి పిలిపించిన పశువుల డాక్టరు బాబూరావు, ఆ ఇంట్లో కుక్కను సాకే కూలిమనిషి ధనమ్మ.)

"...అది కాదు డాక్టరుగారూ, ముందు మీరు కూర్చోండి. కాఫీ తాగండి. మేజరు ఎక్కడికీ పోడు."

"మేజరెవరండీ?"

"మీ కాళ్ళ దగ్గరున్నాడుగా. పాకిస్తాను మీద యుద్ధం గెలిచిన నెలలో బెంగళూరు నుంచి తెప్పించా. అసలు సిసలు అల్సేషన్. పేరు మా ఆవిడ పెట్టింది. కుక్క అంటే ఒప్పుకోదు. మేజరు బాబు అనాలి. అంతేనా ధనమ్మా?"

"అంతేనండి అయ్యగారూ. గుడిసెల్లో పిల్లలక్కూడా నేర్పామండి. ఒకడు కుక్కంటే వాళ్ళమ్మ వీపు మీద రెండిచ్చిందండి."

"కాఫీ తరవాత తాగుతా చెంచురామయ్యగారూ. బొచ్చు ఊడటం మొదలై ఎన్నాళ్ళయింది?"

"మూడు వారాలు దాటింది. మొదట గోక్కున్నాడు. తరవాత నాక్కున్నాడు. తరవాత చూస్తే ఏముంది, పొట్టంతా తొక్క తీసిన చిలగడదుంప."

"మందులేమైనా వాడారా?"

"వాడనిది ఏదో మీరు చెప్పండి. రేపల్లె నుంచి ఒకాయన వచ్చి వేపాకూ పసుపూ నూరి పట్టించమన్నాడు. పట్టించాం. మేజరు పచ్చగా అయ్యాడు, అంతే. నిజాంపట్నంలో లాంచీలు బాగుచేసే మేస్త్రీ ఉన్నాడు, ఇంజన్లో కాలిన నూనె పూస్తే ఎంతటి గజ్జయినా పరార్ అన్నాడు. డబ్బాడు తెప్పించా. గోడలు నల్లబడ్డాయి, మా ఆవిడ చీర నల్లబడింది, గజ్జి మాత్రం అట్టాగే ఉంది. ఆవిడేమో దిష్టి అంటుంది. ఎవరో కారులో పోతూ ఆగి మేజర్ని అదేపనిగా చూశారట. మిరపకాయలు దిగదుడిచి నిప్పులో పోసింది. ఆ ఘాటుకి వీడు రెండ్రోజులు తుమ్ముతూనే ఉన్నాడు."

"ఇంకా?"

"తెనాలిలో ఒక హోమియో ఆయన, పేరెందుకులెండి, గుళికలిచ్చి, మీ కుక్కకి ఎట్టాంటి కలలొస్తాయో రాసుకు రమ్మన్నాడు."

"రాశారా?"

"ధనమ్మని కూర్చోబెట్టా."

"నాలుగు మధ్యాన్నాలు కూర్చున్నానండి డాక్టరుబాబూ. నిద్దట్లో కాళ్ళాడించాడండి. అదే చెప్పా. అయితే కుందేలు కల అని అయ్యగారే రాశారండి."

"నవ్వకండి డాక్టరుగారూ. కుక్క మీది ప్రేమ మీకు తెలీదు."

"నవ్వలేదండీ, దగ్గొచ్చింది. ధనమ్మా, తల గట్టిగా పట్టుకో. చెవులు చూపించు. ఊఁ. ఇప్పుడు వీపు. తోక. ఇదేంటి, వీపు మీద బొచ్చు బ్రహ్మాండంగా ఉంది."

"కిందేనండి పోయింది. పైనంతా బాగానే ఉంటదండి."

"మీరట్టా చూస్తూ కూర్చోకండి డాక్టరుగారూ. జబ్బేంటో నాకు తెలుసు. నేను చెప్తా, మీరు రాయండి. మిమ్మల్ని పిలిచింది ఆ కాగితం కోసమే."

"ఏ కాగితమండీ?"

"మా కళ్ళం దిబ్బ మీద పదకొండు గుడిసెలున్నాయి. కూలివాళ్ళవి. రెండేళ్ళ బట్టి అక్కడ ఆడంగులందరికీ గజ్జి. ఒకదానికీ నడినెత్తిన జుట్టు లేదు. స్నానాలుండవు, పానాలుండవు. అది మేజరుకి అంటుకుంది. మొన్న పంచాయతీ ఆఫీసులో చెప్పా, అది అంటురోగం, గుడిసెలు పీకించండి అని. ప్రెసిడెంటు నసిగాడు. వాళ్ళలో యేసుదాసని ఒకడున్నాడు, సంఘం గింఘం అంటాడు. అంటురోగమని ఎవరన్నారని నన్నే అడుగుతాడు. నన్ను. సరే, గవర్నమెంటు డాక్టరు సీలేసి చెప్తాడు, ఆయనేం రాస్తే అదే ఖాయం, కాదంటే నేనే నోరు మూసుకుంటా అన్నా. పుస్తకంలో రాసి అందరం సంతకాలు పెట్టాం. యేసుదాసూ పెట్టాడు."

"నేను పశువుల డాక్టర్నండి చెంచురామయ్యగారూ."

"అందుకేగా పిలిచింది. మనుషుల డాక్టరైతే ఎంత కాదన్నా కొంచెం మనుషుల పక్షం మాట్లాడతాడు."

"ఏం రాయమంటారు ఇంతకీ?"

"రెండు ముక్కలు. మేజరుకొచ్చింది అంటురోగం. గుడిసెల నుంచి వచ్చింది. కింద సీలు. ఇవాళ పన్నెండింటికి ఆఫీసులో చదువుతారు. రేపు గుడిసెలు తీస్తారు."

"నాట్ల రోజులండి డాక్టరుబాబూ. నెత్తిన వాన. చంటిపిల్లలున్నారండి మాకు."

"నిన్నెవరడిగారే? కుక్కని పట్టుకో."

"పట్టుకునే ఉన్నానండి."

"అంత తేలిగ్గా రాయటానికి లేదండీ. చూడాలి, పరీక్ష చెయ్యాలి."

"చేసుకోండి. మీరేదో బదిలీ కోసం తిరుగుతున్నారట?"

"ఏడాదినించి అడుగుతున్నానండి, తెనాలికి. మా ఆవిడ అక్కడ స్కూల్లో టీచరు. పిల్లలక్కడ, నేనిక్కడ."

"సమితిలో మా బావమరిది ఉన్నాడు. అయిపోయిందనుకోండి. ఊఁ, చెయ్యండి పరీక్ష."

"...ధనమ్మా, ఆ పెట్టె ఇటు తే. ఇది మైక్రోస్కోపు. చర్మం మీద బ్లేడుతో మెల్లిగా గీకి ఈ గాజుపలక మీద పెడతా. గజ్జి పురుగుంటే ఇందులో కాళ్ళాడిస్తూ కనిపిస్తుంది. కుక్కని కదలనియ్యకు."

"కదలడండి. నామాట వింటాడండి."

"లేదు. ఇక్కడ లేదు. ఇంకోచోట గీకుతా. ఇక్కడా లేదు."

"మూడోసారి చూడండి డాక్టరుగారూ."

"మూడోది కూడా చూశానండీ. పురుగు లేదు. చెవి అంచులు కూడా శుభ్రంగా ఉన్నాయి. గజ్జయితే ముందు పట్టుకునేది అక్కడే."

"మీ అద్దంలో ఏదో తేడా ఉంది."

"అద్దంలో ఏ తేడా లేదండీ."

"రేపల్లె ఆయన అద్దం గిద్దం లేకుండా, గుమ్మంలో నుంచుని చెప్పాడు, గజ్జి అని."

"చెప్పి ఏం చేశాడు? పసుపు పూశాడు. నేను చెప్పేది వినండి. ఊడినచోటల్లా చూస్తే పొట్ట, తొడల లోపలివైపు, మోచేతులు, గడ్డం కింద. పడుకుంటే నేలకి ఆనేచోట్లే. పైన ఒక్క వెంట్రుక కదల్లేదు. ఇది ఎక్కడ పడుకుంటుంది?"

"ఎక్కడేంటి, ఇక్కడే. వసారాలో. దూదేకుల జాన్ సైదా చేత బూరుగుదూది పరుపు కుట్టించా మేజరుకి. అదిగో, అదే. నాకూ లేదు అట్టాంటిది."

"ఏదీ, చూడనివ్వండి. చెంచురామయ్యగారూ, బొచ్చు ఊడే కుక్క పడుకునే పరుపు మీద ఒక్క వెంట్రుకైనా లేదేంటండీ?"

"ధనమ్మ దులుపుద్ది."

"దులుపుతావా ధనమ్మా?"

"దులపమంటే దులుపుతానండి."

"రోజూ దులుపుతున్నావా అని అడుగుతున్నా."

"దులపటానికి దానిమీద ఏదన్నా ఉండాలిగండి."

"మరెక్కడ పడుకుంటున్నాడు?"

"ఎండగా ఉంటదిగండి ఇక్కడ. చల్లగా ఉండేచోట... ఉంటాడండి."

"చల్లగా అంటే?"

"పాకలోనండి."

"ఏ పాక?"

"మా మందుల పాక డాక్టరుగారూ, కళ్ళం పక్కన. తాటాకు కప్పు, చల్లగానే ఉంటుంది. మేజరు ఎప్పుడన్నా పోతాడేమో. దానికేం?"

"పోయి చూద్దాం పదండి. నాలుగడుగులేగా."

"బురదండీ..."

"పరవాలేదు. పశువుల డాక్టర్ని, పేడలోనే తిరుగుతా. ఇదేనా పాక? అబ్బ, ఏంటీ ఘాటు, కళ్ళు మండుతున్నాయి. ఇదిగో చూడండి చెంచురామయ్యగారూ, దొరికింది. గుప్పెడు బొచ్చు. ఇక్కడింకో గుప్పెడు. మీ మేజరు ఎప్పుడన్నా కాదు, ఎప్పుడూ ఇక్కడే ఉంటున్నాడు. ఈ సంచులేంటి?"

"పొడిమందు సంచులు. ఐఆర్ ఎయిట్ వరి వేసిన దగ్గర్నించీ చేలకి దోమ పట్టుకుంది. ఈ చుట్టుపక్కల ఆ మందుకి నేనే ఏజెంటుని. ఇవి ఖాళీవి."

"ఖాళీ ఎక్కడండీ, దులిపితే తెల్లగా రాలుతోంది. వీటిమీద ఇంగ్లీషులో రాసుంది, చదవలేదా మీరు? చర్మానికి తగలనివ్వరాదు. ఖాళీ సంచి వాడరాదు, లోతుగా పాతిపెట్టవలెను."

"మా కూలివాళ్ళకి ఇంగ్లీషు ఎక్కడొచ్చు?"

"మీకొచ్చుగా?"

"నాకు చదివే తీరికెక్కడిది? అయినా బంగారంలాంటి గోనె. పాతిపెట్టేంత పాపం నేను చెయ్యను. ఏటా ఏరువాకకి గుడిసెకి నాలుగు చొప్పున దానం చేస్తా. పోయినేడు పెద్ద మీటింగు పెట్టి పంచా. పేపర్లో ఫొటో కూడా పడింది, సంచి ఇస్తూ నేనూ, పుచ్చుకుంటూ ఇదీ. మా హాల్లో కట్టించి పెట్టా, చూడలేదా?"

"చూళ్ళేదండీ. ధనమ్మా, వీటితో మీరేం చేసుకుంటారు?"

"అన్నీ చేసుకుంటామండి. వానకి సంచి మూల ఒకటి లోపలికి నొక్కి నెత్తిన బోర్లించుకుంటే ముసుగండి. వీపు దాకా వస్తది. నాట్లేసినన్నాళ్ళూ అదే మాకు గొడుగు. చంటిపిల్లల్ని ఈ పాకలో వేసి పోతామండి చేలోకి. కింద ఇవే పరుస్తాం."

"ముసుగు... నీ తల చూపించు."

"వద్దులెండి బాబూ. మీరు మనుషుల్ని చూడకూడదంటగా."

"అవును, నేను మనుషుల్ని..."

"అయినా పరవాలేదులెండి, చూడండి. అయ్యగారు రోజూ మమ్మల్ని పశువులనే అంటారండి. ఆయన లెక్కన మేమూ మీ ఆసుపత్రికి రాదగ్గవాళ్ళమేనండి."

"దీనికి నోరెక్కువ డాక్టరుగారూ."

"కొంచెం వంగమ్మా. నడినెత్తి పోయింది. చుట్టూ జుట్టు బాగానే ఉంది. భుజాలు? ఇవీ పొట్టు రేగాయి. చేతులు బాగున్నాయి. ముసుగు ఆనేచోటే పోయింది. మిగతావాళ్ళకి?"

"అందరికీ ఇదేనండి. మా సామ్రాజ్యం, నా కూతురండి, పెళ్ళినాడు జడ మోకాళ్ళ దాకా ఉండేదండి దానికి. ఇప్పుడు నెత్తిన గుడ్డ తియ్యదు. దాని పిల్లకి పది నెలలు. నెత్తి బాగానే ఉంది, వీపు మాత్రం పచ్చి పుండండి. ఎత్తుకుంటే ఏడుస్తది, దించితే ఏడుస్తది. బోర్లా పడుకోబెట్టి విసురుతా కూర్చుంటామండి."

"ఎవరికీ చూపించలేదా?"

"బస్సెక్కి పోయామండి ఒకచోటికి. అక్కడాయన బల్ల అవతల్నించే చూసి, స్నానం చేసి రమ్మన్నాడండి. రెండోసారి స్నానం చేసి పోయాం. సబ్బుతో చెయ్యమన్నాడండి. మూడోసారి పోలేదు."

"చెంచురామయ్యగారూ, విషయం తేలిపోయిందండి. కుక్క పొట్టకి సంచి తగిలింది, పొట్ట పోయింది. వీళ్ళ నెత్తికి తగిలింది, నెత్తి పోయింది. పిల్ల వీపుకి తగిలింది, వీపు పోయింది. ఒకరి నుంచి ఒకరికి రాలేదు. అంతా సంచిలోంచే వచ్చింది."

"అట్టా ఎట్టా కుదురుద్ది? ఆ మందు పురుగుని చంపటానికి. మేజరు పురుగా?"

"పురుగు చచ్చేదాంతో కుక్కకి బొచ్చయినా ఊడదా అండీ?"

"సరే. మీ మాటే కానీండి. మేజరుది సంచి వల్లే. వాళ్ళది మాత్రం గజ్జి."

"సంచి ఒకటే కదండీ?"

"సంచి ఒకటే. ఒళ్ళు వేరు. మేజరుది నాజూకు ఒళ్ళు, మందు పడలేదు. వాళ్ళవి మొద్దు ఒళ్ళు, వాళ్ళకి మందు ఏం చేస్తుంది? వాళ్ళకొచ్చింది మురికి వల్ల. ఇది అర్థం చేసుకోటానికి అద్దం కావాలా?"

"అయితే మురికివాళ్ళ నుంచి మేజరుకి అంటుకోలేదని మీరే ఒప్పుకుంటున్నారు."

"నేనేమీ ఒప్పుకోలేదు. మీరు నన్ను మాటల్లో పెట్టకండి. తెనాలి కావాలా వద్దా?"

"...కావాలండి."

"మరి?"

"మధ్యేమార్గంగా రాస్తానండీ. అంటురోగం కావచ్చు అని రాస్తా. కావచ్చు అంటే కావచ్చు, కాకపోవచ్చు. అబద్ధం ఉండదు. మీకూ ఇబ్బంది ఉండదు."

"ఒక్కటి అడగనా డాక్టరుబాబూ? కావచ్చు అని రాస్తే గుడిసెలు పీకుతారా, ఉంచుతారా అండి? సగం పీకుతారా?"

"నేను గుడిసెల గురించి రాయటం లేదమ్మా."

"మీరు దాని గురించి రాయరండి. వాళ్ళు దాని గురించే చదువుతారండి."

"నువ్వు నోరుమూసుకో ధనమ్మా. కావచ్చు వద్దు డాక్టరుగారూ. కావచ్చు అంటే ఆ యేసుదాసు పట్టుకుని లాగుతాడు. అంటురోగం అని తెగేసి రాయండి."

"అంత తెగేసి ఎట్టా రాస్తానండీ? మూడుచోట్ల గీకి చూశాను, పురుగు లేదు. రేపు ఎవరైనా ఇంకో డాక్టరు చూస్తే నా పరువేంగాను?"

"ఎవరు చూస్తారు? మీ పరువుకి అంత గిరాకీ ఎక్కడుంది? పశువుల కాలేజీలో నాలుగు దూడల్ని చూసొచ్చి మేజరులాంటి వాడికి జబ్బేంటో తేలుస్తారా మీరు? మీకంటే ఆ హోమియో ఆయన నయం. కలలైనా అడిగాడు."

"...ఏమన్నారూ?"

"హోమియో ఆయన నయమన్నారండి. నిన్న అమ్మగారితో, మాణిక్యాంబమ్మగారితో కూడా అన్నారండి. గవర్నమెంటు డాక్టర్లకి ఎద్దుకీ ఆవుకీ తేడా తెలిస్తే చాలు, మనకి కావాల్సింది వాళ్ళ సీలు అని."

"ధనమ్మా, నిన్నూ..."

"అయ్యగారు అన్నదే చెప్పానండి. నాదేమీ కలపలేదండి."

"చెంచురామయ్యగారూ, నేను తిరుపతిలో అయిదేళ్ళు చదివాను. చర్మవ్యాధుల పరీక్షలో మా బ్యాచికి నేను ఫస్టు. ఇంటి గోడ మీద ఉంది కాగితం, మీరు ఫొటో కట్టించుకున్నట్టే. ధనమ్మా, నా చేతిసంచిలో ప్యాడు తీయి. ఆ నల్ల కాగితం కూడా."

"డాక్టరుగారూ, కోపమెందుకు? మాటవరసకన్నా."

"నాకేం కోపం లేదండీ. రాస్తున్నా. వినండి. చెంచురామయ్యగారి మగకుక్కను ఇవాళ పరీక్షించాను. దీనికి ఉన్నది గజ్జి కాదు. అంటురోగం ఎంతమాత్రమూ కాదు. పురుగుమందు పొడి ఉన్న సంచుల మీద పడుకోవడం వల్ల చర్మం దెబ్బతిని వెంట్రుకలు రాలాయి. ఈ సంచులు ఒంటికి తగిలితే మనిషికైనా పశువుకైనా ఇదే జరుగుతుంది. సంచులు వెంటనే పాతిపెట్టాలి. తగిలినచోట సబ్బుతో బాగా కడిగి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ తగలనివ్వకుండా ఉంచాలి. సంతకం. తేదీ. సీలు."

"మనిషికైనా అన్నది కొట్టెయ్యండి."

"కొట్టెయ్యను."

"మీరు పశువుల డాక్టరు. మనిషి ఊసు మీకెందుకు?"

"సంచి ఊసు అండీ అది. ఇదిగోండి, మీ కాగితం మీరు తీసుకోండి."

"ఇదిగో, చించేశా మీ కాగితం. ఇదిగో ఇంకో ముక్క. ఇదిగో ఇంకోటి. ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యనండీ. కింద నల్ల కార్బను కాగితం పెట్టి రాశా. రెండోది ధనమ్మ దగ్గరుంది."

"ఏమే, అది ఇట్టా తే."

"మీ మీద గౌరవమండి అయ్యగారూ, మీరు సంతకం పెట్టిన పుస్తకం మీద కూడా గౌరవమండి. డాక్టరు ఏం రాస్తే అదే ఖాయమన్నారుగండి. మీ మాట జవదాటకుండా ఆఫీసుకే పట్టుకుపోతున్నానండి."

"ప్రెసిడెంటు దగ్గరికి నీకంటే ముందు నేను పోతా. డ్రైవరూ, కారు తియ్యరా."

"మరి నన్ను బాపట్లలో దింపాలండి చెంచురామయ్యగారూ."

"బస్సులున్నాయి."

"పెట్టె బరువండీ, మైక్రోస్కోపు..."

"ఎద్దుకీ ఆవుకీ తేడా తెలుసుగా మీకు, ఏది దొరికితే దానిమీద పెట్టుకుపోండి."

"పెట్టె నేను మోస్తానండి డాక్టరుబాబూ. నెత్తిన పెట్టండి. అక్కడ కాదండి, కొంచెం పక్కకి. నడినెత్తి మండుద్దండి."

(మధ్యాహ్నం. పంచాయతీ ఆఫీసుకి ఎదురుగా బస్సు ఆగే చోటు. డాక్టరు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ధనమ్మ ఆఫీసులోంచి వచ్చింది.)

"ఏమైంది ధనమ్మా?"

"చదివారండి. ప్రెసిడెంటుగారు రెండుసార్లు చదివారు. మనిషికైనా అన్నచోట గొంతు తగ్గించారు గానీ యేసుదాసు ఊరుకోలేదండి, గట్టిగా చదవమన్నాడు. గుడిసెల జోలికి పోకూడదని పుస్తకంలో రాశారండి. అయ్యగారి చేత మళ్ళీ సంతకం పెట్టించారు."

"పెట్టాడా?"

"మొన్న పెట్టిన సంతకం ఎదురుగా ఉందిగండి. పెట్టారు. సంచులు పాతిపెట్టే దగ్గర మాత్రం మొండికేశారండి. మా వంశంలో దానం చేసింది వెనక్కి తీసుకున్నవాడు లేడు, నేను తీసుకోను అంటారు. ఆఖరికి యేసుదాసే, మీరు తీసుకోబళ్ళేదు, మేమే పాతిపెడతాం, గొయ్యి తవ్విన రోజుకి కూలి మాత్రం ఇవ్వండి అన్నాడండి."

"దానికేమన్నాడు?"

"కారెక్కారండి."

"నా తెనాలి కూడా అదే కారెక్కి పోయింది. సరే పో. మా ఆవిడకి ఉత్తరం రాయాలి."

"మీకు పుణ్యముంటదండి బాబూ."

"పుణ్యం సంగతి తరవాత. నన్ను హోమియో ఆయనతో పోల్చకపోతే కావచ్చు అనే రాసుండేవాణ్ణి. నాకూ తెలుసు. నీకూ తెలుసు. కావాలనే అందించావు ఆ మాట."

"అయ్యగారు అన్నదే చెప్పానండి."

"ఊఁ. ఇంకోటి అడుగుతా. ఆయన ముందు అడగలేదు. కుక్కకి ముక్కు మన ముక్కుకంటే ఎన్నో రెట్లు. ఆ పాకలో రెండు నిమిషాలుంటే నాకే కళ్ళు మండాయి. బూరుగుదూది పరుపు వదిలి ఏ కుక్కా తనంతట తాను పోయి ఆ సంచుల మీద పడుకోదు. పారిపోతుంది."

"బస్సొచ్చే వేళయిందండి."

"రాలేదింకా. మెడ కింద చూశా. పట్టీ రాపిడి కాదది. తాడు ఒరిపిడి. పాకలో గుంజకి కూడా కొత్త తాడు గుర్తుంది. ఎవరో కట్టేశారు దాన్ని."

"ఎండలో కూర్చోకండి బాబూ, ఇటు నీడకి రండి."

"అయ్యగారు కట్టలేదు. మాణిక్యాంబగారు అసలే కట్టరు. ధనమ్మా, కాగితం పుస్తకంలోకి ఎక్కిపోయింది, దాన్ని ఇంక నేను మార్చను, మార్చలేను కూడా. చెప్పు."

"...ఎవరికీ అననంటే చెప్తానండి."

"అనను."

"నెలరోజులండి. రాత్రి ఇంట్లోవాళ్ళు పడుకున్నాక తీసుకుపోయేవాళ్ళం, పొద్దున మాణిక్యాంబమ్మగారు లేవకముందు వసారాలోకి తెచ్చేవాళ్ళం. తాడు చూస్తే తోకాడించేవాడండి, షికారనుకుని. అన్నం నా చేత్తోనే పెట్టేదాన్ని. మొదటి వెంట్రుకలు రాలినరోజు పాకలో కూర్చుని ఏడ్చానండి. తరవాత మళ్ళీ కట్టాను."

"నువ్వా? నోరులేని జీవాన్ని పట్టుకుని, ఎందుకమ్మా అంతపని చేశావు?"

"నోరున్నవాళ్ళం రెండేళ్ళు చెప్పామండి, ఎవరూ రాలేదు. నోరులేనిదాన్ని కడితే మీరు కారేసుకుని వచ్చారు."